ధర సగమైంది, పోషణ కాలేదు: హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు లెక్క

కోటిన్నర పెట్టి రోడ్డెక్కించిన స్పోర్ట్స్ కారు ఐదారేళ్లకు 70, 80 లక్షలకు అమ్మకానికి వచ్చిందంటే చూసినవాళ్లకు మొదట కలిగే అనుమానం ఒకటే: ఎక్కడో ఏదో తేడా ఉండే ఉంటుంది. చాలాసార్లు కారులో తేడా ఏమీ ఉండదు. పోయిన డబ్బులో పెద్ద వాటా అసలు కారుదే కాదు, దాని మీద కట్టిన పన్నులది. ఈ సంగతి అర్థమైతే ఏ పాత కారుకు ఎంత పెట్టవచ్చో, దేని జోలికి పోకూడదో సగం తేలిపోతుంది.

లెక్క కోసం ఒక కారును ఊహించుకుందాం. విదేశీ ఫ్యాక్టరీ నుంచి బయల్దేరి, ఓడ ఛార్జీలు, బీమా కలుపుకొని మన రేవుకు చేరేసరికి దాని విలువ 40 లక్షలు. 40 వేల డాలర్లు దాటిన పూర్తి దిగుమతి కారు మీద సుంకాల భారం 110 శాతం. 2025 బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకాన్ని 70 శాతానికి తగ్గించి పక్కనే 40 శాతం వ్యవసాయ సెస్సు వేశారు కాబట్టి పేరు మారింది కానీ మొత్తం మారలేదు. అంటే ఇంకో 44 లక్షలు. ఇప్పుడు 84 లక్షలైన కారు మీద 40 శాతం జీఎస్టీ వేస్తే కోటీ 17 లక్షలు దాటుతుంది. కంపెనీ, డీలర్ల మార్జిన్ కలిస్తే కోటీ 30 లక్షల దాకా వస్తుంది. ఆపైన తెలంగాణ లైఫ్ ట్యాక్స్. 20 లక్షలు దాటిన కార్లకు 2022 నుంచి ఇది 18 శాతం ఉండేది, 2025లో ఖరీదైన కార్లకు ఇంకా పెంచారు. పాత రేటే వేసుకున్నా 23 లక్షల పైమాటే. బీమా కూడా కట్టి కారును ఇంటికి తెచ్చేసరికి కోటీ 55 లక్షలు దాటిపోతుంది. వాకిట్లో నిలబడ్డది 40 లక్షల కారు. మిగతా కోటీ 15 లక్షల్లో చాలా భాగం రసీదులు.

మొదటి ఓనరు ఆ రసీదుల డబ్బు తిరిగి రాబట్టుకోలేడు. ఏ ఏడాదికా ఏడాది కొంత చొప్పున వదులుకోవాల్సిందే. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు అసలు లాభం ఇక్కడే ఉంది. ఇంకొకరు కట్టేసిన కస్టమ్స్, జీఎస్టీ, లైఫ్ ట్యాక్స్‌లను సగం ధరకో అంతకన్నా తక్కువకో కొనుక్కుంటున్నారన్నమాట.

ఈ లాభానికి ఒక మెలిక ఉంది. పాత కారు ధర, అదే కారు ఇవాళ కొత్తగా ఎంతకు వస్తుందన్న దాన్ని పట్టుకొని నడుస్తుంది. కొత్తది తగ్గితే పాతదీ తగ్గాలి. 2025 సెప్టెంబర్ 22 దాకా పెద్ద ఇంజిన్ల కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 48 నుంచి 50 శాతం ఉండేది. ఆ రోజు నుంచి 40 శాతానికి దిగింది. అంతకు ముందు నెలలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారి కారు విలువ ఏ తప్పూ లేకుండానే కొంత కరిగిపోయింది. ఇంకా పెద్ద మార్పు ముందుంది. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకమైన వాణిజ్య ఒప్పందం ప్రకారం అక్కడి కార్ల మీద సుంకం, కోటాకు లోబడి, క్రమంగా 10 శాతానికి తగ్గాలి. యూరోపియన్ యూనియన్‌తో చర్చలు కూడా 2026 జనవరిలో ముగిశాయి, అందులోనూ కార్ల సుంకం కోటాతోనే దిగుతుంది. కోటాలున్నాయి, ఏళ్ల తరబడి సాగే వ్యవహారం, కాబట్టి రేపటికి రేపు ధరలు కూలిపోవు. అయినా ఇవాళ రెండేళ్ల వయసున్న ఖరీదైన దిగుమతి కారును కొత్తదానికి దగ్గర ధరకు కొనడం మాత్రం తెలివైన పని అనిపించదు. ఆ ధరలో పన్నుల వాటా ఇంకా బరువుగా ఉంది, ఆ బరువు తగ్గే సూచనలూ కనిపిస్తున్నాయి. ఐదారేళ్ల కారులో ఆ గాలి చాలావరకు దిగిపోయి ఉంటుంది. అమ్మేవాళ్లు 'నేను ఇంత పెట్టి కొన్నానండీ' అని ఎన్నిసార్లు చెప్పినా బేరంలో ఆ అంకెకు చోటు లేదు.

తరుగుదల ఎలా నడుస్తుందో చూడాలంటే బీమా కంపెనీలు ఐడీవీ (బీమా కోసం కారుకు కట్టే విలువ) లెక్కేసే పట్టిక ఒక మోటు కొలబద్ద. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్లకు 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, ఐదేళ్లకు 50 శాతం తీసేస్తారు. ఆ తర్వాత మాట్లాడుకొని నిర్ణయించుకోవడమే. మార్కెట్ ఈ గీతను అచ్చంగా పాటించదు. సాధారణంగా ఖరీదైన కారుకు రెండు పతనాలు ఉంటాయి. మొదటిది పన్నులు కరిగే తొలి మూడేళ్లు. రెండోది కంపెనీ వారంటీ అయిపోయిన మర్నాడు మొదలవుతుంది. అప్పటిదాకా ఏ రిపేరు వచ్చినా కంపెనీదే భారం, ఇక మీదట ఓనరుది. ఆ భయానికి ధర మళ్లీ ఒక మెట్టు దిగుతుంది. ఈ రెండో పతనం తర్వాత గీత చదునయ్యే కార్లు కొన్ని ఉన్నాయి, అడుగు దాకా జారుతూనే పోయేవి మరికొన్ని. కొనదగ్గవి మొదటి రకంలోనే ఉంటాయి.

ఎందుకంటే ధర పడినా పోషణ పడదు. కోటిన్నర కారును 60 లక్షలకు కొన్నా, దాని బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్, గేర్‌బాక్స్ కోటిన్నర కారువే. స్పేర్ పార్టులు కూడా సుంకాలు కట్టుకొనే వస్తాయి. బిల్లు మీద కారు వయసు చూసి ఎవరూ రాయితీ ఇవ్వరు. కార్బన్ సెరామిక్ బ్రేకుల సంగతే తీసుకోండి. పోర్షేలో పసుపు రంగు క్యాలిపర్ కనిపిస్తే అవి సెరామిక్ అని గుర్తు. ఫొటోల్లో అందంగా ఉంటాయి, ట్రాక్ మీద అద్భుతంగా పనిచేస్తాయి. డిస్కులు మార్చాల్సి వస్తే ఖర్చు లక్షల్లో ఉంటుంది. మియాపూర్ నుంచి మాదాపూర్ ట్రాఫిక్‌లో నడిచే కారుకు మామూలు ఇనుప డిస్కులున్న వేరియంటే మేలు. పైగా సెరామిక్ ఉందని అమ్మేవాళ్లు ధర పెంచి చెబుతారు, తగ్గించి అడగాల్సింది అక్కడే. టైర్లూ అంతే. వెనక వెడల్పైన 20 అంగుళాల టైర్ల జత ధరకు ఒక మంచి బైకు వస్తుంది. టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. నల్లగా నిగనిగలాడుతూ లోతైన గాళ్లున్నా సరే, ఆరేళ్లు దాటిన టైరును మార్చాల్సిన టైరుగానే లెక్కేసుకోవాలి. అంత మొత్తం ధరలోంచి తీసెయ్యాలి.

రెండు కార్లను పక్కపక్కన పెట్టి చూస్తే మాట తేటపడుతుంది. ఇవీ ఊహించుకున్న అంకెలే. ఒకటి 75 లక్షలకు కొని నాలుగేళ్ల తర్వాత 58 లక్షలకు అమ్మారు. సర్వీసు, టైర్లు, బీమా అన్నీ కలిపి 14 లక్షలయ్యాయి. మొత్తం పోయింది 31 లక్షలు. రెండోది 45 లక్షలకే దొరికింది, నాలుగేళ్లకు 20 లక్షలే పలికింది, పోషణకు 18 లక్షలు తిన్నది. పోయింది 43 లక్షలు. చవగ్గా వచ్చిందనుకున్న కారు ఏడాదికి 3 లక్షలు ఎక్కువ మింగింది. కొనేటప్పుడు అడగాల్సింది 'ఎంతకు వస్తోంది' అని ఒక్కటే కాదు. 'నాలుగేళ్లకు ఎంతకు పోతుంది, ఈలోగా ఎంత తింటుంది' అని కూడా.

ఏవి కొనదగ్గవి

ఈ లెక్కలో మొదట నిలబడేది పోర్షే. హైదరాబాద్‌లో అడిగేవాళ్లున్నారు, కారు రోజూ వాడుకోవచ్చు, నేలకు మరీ ఆనుకొని ఉండదు, మోడళ్లు నెమ్మదిగా మారతాయి. పోర్షే 911 తరాలను 996, 997, 991 లాంటి అంకెలతో పిలుస్తారు, వాటిలో 2009 నుంచి వచ్చిన 997 రెండో దశ కార్లు ముఖ్యమైన మలుపు. అంతకు ముందు 996లోనూ, తొలి 997ల్లోనూ ఐఎంఎస్ బేరింగ్ అనే చిన్న భాగం విరిగి ఇంజిన్ మొత్తం పాడైన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి. కొత్త ఇంజిన్‌లో ఆ బేరింగే లేదు, పీడీకే అనే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కూడా అప్పుడే వచ్చింది. 2012 తర్వాతి 991 తొలి దశలో టర్బో లేని 3.4, 3.8 లీటర్ల ఇంజిన్లు ఉంటాయి. 2016 నుంచి క్యారెరా అనే మామూలు 911లకు కూడా 3 లీటర్ల ట్విన్ టర్బో పెట్టారు. వేగం కావాలంటే రెండోది, శబ్దం కావాలంటే మొదటిది. ధర నిలబడే విషయంలో టర్బో లేనివాటి వైపే మొగ్గు ఎక్కువ, ఎందుకంటే అవి మళ్లీ రావు.

డబ్బుకు తగ్గ కారు అంటే మాత్రం పోర్షేవే కేమన్, బాక్‌స్టర్‌లే అనాలి. 2012–16 మధ్య 981 తరంలో ఆరు సిలిండర్లు: కేమన్‌లో 2.7 లీటర్లకు 275, కేమన్ ఎస్‌లో 3.4 లీటర్లకు 325 హార్స్‌పవర్. 2016 నుంచి 718 పేరుతో నాలుగు సిలిండర్ల టర్బో వచ్చింది, 300, 350 హార్స్‌పవర్‌తో. కాగితం మీద 718 ఎక్కువ. ఇంజిన్ స్టార్ట్ చేసి పక్కన నిలబడితే 981 ఎందుకు ఇంకా అడుగుతున్నారో తెలుస్తుంది. 718 పెట్రోల్ కార్ల ఉత్పత్తి 2025లో ఆగిపోయింది. ఉన్న కార్లు మంచి కండిషన్‌లో ఉంటే వీటి ధర గట్టిగా నిలబడే అవకాశం ఎక్కువని ఈ విశ్లేషణ అభిప్రాయం.

స్పోర్ట్స్ కారు అంటే రెండు తలుపులే ఉండాలన్న పట్టు లేనివారు బీఎండబ్ల్యూ ఎం340ఐ చూడాలి. 2021 మార్చిలో 62.9 లక్షల ఎక్స్ షోరూమ్ ధరతో వచ్చింది. చెన్నై ప్లాంట్‌లో బిగించిన కారు కావడంతో దిగుమతి సుంకాల గాలి ఇందులో తక్కువ. అందుకే పతనం కూడా దిగుమతి కూపేలంత భయపెట్టదు. 3 లీటర్ల ఆరు సిలిండర్ల బీ58 ఇంజిన్, 387 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డ్రైవ్, 100 కిలోమీటర్ల వేగానికి 4.4 సెకన్లు. పిల్లలు వెనక సీట్లో కూర్చుంటారు, సామాను డిక్కీలో పడుతుంది. అదే ఇంజిన్ రెండు సీట్ల జడ్4 ఎం40ఐలోనూ ఉంది. ఈ ఇంజిన్‌కు మంచి పేరుంది, ఊళ్లో చూడగలిగే మెకానిక్‌లూ ఉన్నారు. భయమల్లా రీమ్యాప్ చేసిన కార్లతోనే. కంప్యూటర్ మార్చి పవర్ పెంచుతారు, రెండేళ్లు తోలుతారు, అమ్మే ముందు మళ్లీ పాత సాఫ్ట్‌వేర్ వేసేస్తారు. అధీకృత సర్వీసులో స్కాన్ చేయిస్తే చాలాసార్లు ఆ ఆనవాళ్లు బయటపడతాయి. ఎం2 కాంపిటీషన్, పాత తరం ఎం4ల ఎస్55 ఇంజిన్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. పవర్ పెంచిన కార్లలో క్రాంక్ హబ్ అనే భాగం జారిపోయే సమస్య ఆ ఇంజిన్‌కు తెలిసిన బలహీనతే.

ఫోర్డ్ మస్టాంగ్ జీటీది వేరే కథ. 2016లో 65 లక్షలకు వచ్చింది. కుడివైపు స్టీరింగ్‌తో ఫ్యాక్టరీ నుంచే వచ్చిన తొలి తరం మస్టాంగ్ అది. 5 లీటర్ల వీ8, టర్బో లేదు, ఇంజిన్ చుట్టూ చిక్కులు తక్కువ. 2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించాక దీని ధర కుప్పకూలుతుందని అనుకున్నవాళ్లున్నారు. అలా జరగలేదు, ఆ ధరలో వీ8 శబ్దం ఇంకెక్కడా దొరక్కపోవడమే కారణం. అయితే బాడీ పార్టులకు వారాలు, నెలలు ఎదురుచూసే ఓపిక ఉండాలి. బంపరో హెడ్‌లైటో పగిలి ఉన్న మస్టాంగ్‌ను 'చిన్న పనే' అనుకొని కొనకూడదు.

ఆడి ఆర్8 విషయంలో ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు, గేర్‌బాక్స్. 2012 దాకా ఆటోమేటిక్‌గా వచ్చినవాటిలో ఒకే క్లచ్ ఉండే ఆర్ ట్రానిక్ ఉంది. మన ట్రాఫిక్‌లో అది కుదుపులతో విసిగిస్తుంది, క్లచ్‌ను త్వరగా తినేస్తుంది. 2013 నుంచి వచ్చిన ఏడు గేర్ల ఎస్ ట్రానిక్ కారు ఎంత దూరమైనా వెళ్లి చూడదగ్గది. 2015 తర్వాతి ఆర్8 వీ10 ఇంజిన్ లంబోర్గిని హురకాన్‌లో ఉన్నదే. ఉత్పత్తి 2024లో ముగిసింది. బడ్జెట్ అందేవారికి ఇది మంచి కారు, కానీ వారంటీ లేకుండా కొంటే పక్కన గట్టి మొత్తం పెట్టుకోవాలి. జాగ్వార్ ఎఫ్ టైప్ అందరికన్నా అందంగా ఉంటుంది, ధర అందరికన్నా ఎక్కువ పడుతుంది కూడా. సూపర్‌ఛార్జ్డ్ వీ6, వీ8ల్లో ప్లాస్టిక్ కూలెంట్ పైపులు చిట్లడం మామూలే. 42 డిగ్రీల మే నెలలో ఎర్రగడ్డ సిగ్నల్ దగ్గర ఇంజిన్ వేడెక్కితే ముందు అనుమానించాల్సింది వాటినే. ఆ పైపులు మార్చిన రసీదు ఉంటే ధర బట్టి ఆలోచించవచ్చు.

మసెరాటీలు, పాత బెంట్లీలు, పదేళ్లు దాటిన 12 సిలిండర్ల పెద్ద కార్లు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా వద్దు. పైన పటారం, లోన లొటారం.

పోర్షే ఎలక్ట్రిక్ కారు టైకాన్ ప్రస్తావన లేకుండా ఈ లెక్క పూర్తి కాదు. పాత టైకాన్ల ధర అన్ని దేశాల్లోనూ వేగంగా పడింది. తెలంగాణలో దానికి ఇంకో కారణం తోడైంది. 2024 నవంబర్ 18 నుంచి 2026 చివరిదాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. కొత్త కారుకే లైఫ్ ట్యాక్స్ లేనప్పుడు పాత ఓనరు కట్టిన ట్యాక్స్‌కు ఎవరు విలువ ఇస్తారు? బ్యాటరీకి 8 ఏళ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్ల వారంటీ ఉంది కాబట్టి, అందులో నాలుగైదేళ్లు మిగిలిన కారు బాగా తగ్గి వస్తే కాదనలేం. తిరిగి అమ్మేటప్పుడు ఎంత వస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోకూడదు.

కారు ఎక్కడి నుంచి వచ్చింది

హైదరాబాద్ మార్కెట్‌లో కనిపించే కార్లన్నీ హైదరాబాద్‌వి కావు. ఢిల్లీ నుంచి వస్తాయి, ఎందుకంటే డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్లు దాటితే నడపకూడదన్న అక్కడి నిబంధనకు భయపడి తక్కువకు వదిలేసేవాళ్లు ఉన్నారు. 2025లో సుప్రీంకోర్టు దాన్ని కొంత సడలించింది. బెంగళూరు, చెన్నై, ముంబై నుంచీ వస్తాయి. బయటి రాష్ట్రం కారు రెండు మూడు లక్షలు తక్కువగా కనిపించిందని సంబరపడే ముందు అసలు లెక్క చూడాలి. పాత రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకొని, ఏడాది లోపు ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించి, కారు వయసును బట్టి ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కోటి రూపాయల కారుకు ఆ ట్యాక్స్ చిన్న మొత్తం కాదు. పాత రాష్ట్రం నుంచి రావాల్సిన రీఫండ్ కోసం తిరగడం వేరే పని. పుదుచ్చేరి నంబర్ ప్లేటుతో ఏళ్ల తరబడి ఇక్కడే తిరిగే కార్ల మీద రవాణా శాఖ కన్ను ఎప్పుడూ ఉంది. 2021 ఆగస్టులో ఇలా పన్ను కట్టని 11 లగ్జరీ కార్లను నగరంలో సీజ్ చేశారు.

దిగుమతి కాగితాలు ఇంకా లోతుగా చూడాల్సినవి. వాడిన కారును మన దేశానికి తేవాలంటే మూడేళ్ల లోపు వయసుండాలి, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, సుంకం పూర్తిగా కట్టాలి. 2025 మేలో డీఆర్‌ఐ (కేంద్ర రెవెన్యూ ఇంటెలిజెన్స్ విభాగం) హైదరాబాద్‌కు చెందిన ఒక లగ్జరీ కార్ల వ్యాపారిని కోట్ల రూపాయల సుంకం ఎగవేత ఆరోపణ మీద అరెస్టు చేసింది. విదేశాల్లో కొన్న కార్లను మధ్యలో వేరే దేశాలకు మళ్లించి, స్టీరింగ్ మార్చి, విలువ తగ్గించి చూపి తెచ్చారన్నది అభియోగం. అదే ఏడాది సెప్టెంబర్‌లో కేరళలో భూటాన్ నుంచి వచ్చిన కార్ల మీద కస్టమ్స్ దాడులు జరిగాయి. ఇలాంటి కారు చేతులు మారి మూడో ఓనరు దగ్గరుండగా అధికారులు వస్తే, పోయేది ఆ మూడో ఓనరు కారే. కంపెనీ అధికారికంగా ఇక్కడ అమ్మని మోడలో, అమ్మని ఏడాదో అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చిన దిగుమతి పత్రం) చూడకుండా టోకెన్ అడ్వాన్స్ కూడా ఇవ్వకూడదు.

ఇక నీళ్లు. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో ఎన్ని అపార్ట్‌మెంట్ల సెల్లార్లు నిండాయో ఊరికి గుర్తుంది. 2022లో బెంగళూరులో, 2015లోనూ 2023 డిసెంబర్‌లోనూ చెన్నైలో విల్లాల ముందు ఖరీదైన కార్లు మునిగాయి. బీమా కంపెనీ టోటల్ లాస్ కట్టిన కారు వేలంలోకి పోతుంది, ఎవరో కొంటారు, కడుగుతారు, ఇంకో ఊళ్లో అమ్ముతారు. పైకి చూస్తే షోరూమ్ మెరుపు ఉంటుంది. పట్టుకునే దారులు మాత్రం చాలా మామూలువి. సీట్ బెల్టును చివరిదాకా లాగాలి, లోపల చుట్టుకొని ఉండే చివరి మూరలో బురద చార ఉండిపోతుంది, దాన్ని ఎవరూ కడగరు. సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు, కార్పెట్ కింద స్పాంజి ముక్క వాసన, కనెక్టర్ల దగ్గర పచ్చగా పట్టిన చిలుము కూడా అదే కథ చెబుతాయి. బీమా క్లెయిమ్ చరిత్ర అడిగి తీసుకోవాలి, ఇవ్వనంటే అక్కడితో ఆపేయడం మంచిది.

లిఫ్ట్ మీద

కొనే ముందు తనిఖీకి 20, 30 వేలు పెట్టడానికి వెనకాడేవాళ్లు ఎక్కువ. 70 లక్షల ఏనుగును కొని అంకుశం దగ్గర పేచీ పెట్టడమే అది. అమ్మేవాళ్లతో ఏ సంబంధమూ లేని షెడ్డుకో, అధీకృత సర్వీసుకో తీసుకెళ్లాలి. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయాలి. అప్పటికే వేడెక్కించి ఉంచితే ఎందుకని అడగాలి.

పోర్షేను లిఫ్ట్ ఎక్కించి ముందు బంపర్ కింది తొడుగు విప్పగానే ఎండాకులు రాలతాయి. 911, కేమన్‌లలో ఇంజిన్ ముందు ఉండదు, రేడియేటర్లు మాత్రం ముందు రెండు మూలలా ఉంటాయి. గాలి కోసం తెరిచిన నోళ్లలోంచి చెత్త లోపలికి పోయి అక్కడే కుళ్లుతుంది, వానాకాలంలో తడి పట్టి అల్యూమినియాన్ని తినేస్తుంది. టార్చి వేసి చూస్తే తెల్లటి పొడి, కూలెంట్ ఎండిన గులాబీ మరకలు కనిపిస్తాయి. ఏసీ కండెన్సర్లూ అక్కడే కాబట్టి ఒక లీకు రెండు బిల్లులు తెస్తుంది. ఆ పక్కనే అడుగు ప్యానెల్ మీద గీతలు చూడాలి. స్పీడ్ బ్రేకర్ల గీతలు పొడుగ్గా, సమంగా ఉంటాయి, హైదరాబాద్ కారుకు అవి సహజం. ఒకే చోట లోతుగా నొక్కుకుపోయి, బోల్టుల తలలు అరిగిపోయి ఉంటే రాయి తగిలిందో, జాకీ తప్పుచోట పెట్టారో అయి ఉంటుంది. మాన్యువల్ గేర్ కారు అయితే ఇంజిన్ కంప్యూటర్‌లో ఓవర్ రెవ్ నివేదిక తీయించాలి. తప్పు గేరు వేసి ఇంజిన్‌ను హద్దు దాటించిన సందర్భాలు అందులో అంకెలతో సహా ఉంటాయి. పోర్షే అప్రూవ్డ్ కార్లకు కంపెనీ 111 పాయింట్ల తనిఖీ చేసి వారంటీ ఇస్తుంది. బయటి కారుకన్నా కొన్ని లక్షలు ఎక్కువైనా, మొదటిసారి కొనేవారికి ఆ తేడా న్యాయమైనదే.

మీటరు తక్కువ చూపించిందని మురిసిపోకూడదు. ఎనిమిదేళ్లలో 9 వేల కిలోమీటర్లు తిరిగిన కారు సెల్లార్‌లో కవర్ కింద పడుకున్న కారు. సీళ్లు ఎండిపోతాయి, బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు ఒకవైపు చదునవుతాయి, ట్యాంకులో పెట్రోల్ పాడవుతుంది. ఏడాదికి నాలుగైదు వేలు తిరుగుతూ, ప్రతి ఏడూ ఆయిల్ మార్చిన కారే ఆరోగ్యమైనది. కిలోమీటర్లు నిజమో కాదో డ్రైవర్ సీటు అంచు చెబుతుంది. దిగేటప్పుడు ఒరుసుకునే ఆ మూల తోలు నలిగి, మీటరు 12 వేలే చూపిస్తుంటే సర్వీసు రికార్డుతో సరిపోల్చాలి.

ఇంటి సెల్లార్ ర్యాంపు ఒక్కటి చాలు, కొనాలా వద్దా తేల్చడానికి. పాత అపార్ట్‌మెంట్లలో ర్యాంపు నిటారుగా ఉంటుంది, పైన మలుపు దగ్గర కారు కడుపు ఆనుతుంది. ముందు బంపర్ లేపే లిఫ్ట్ సిస్టమ్ ఉంటే ఆ ఆప్షన్‌కు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. టెస్ట్ డ్రైవ్‌ను జూబ్లీహిల్స్ రోడ్డు మీద ముగించకుండా మీ వీధి గుంతల మీదుగా తెచ్చి, మీ సెల్లార్‌లోకి ఒకసారి దించి ఎక్కించమనండి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 పరిమితిలో ఏ కారైనా బాగానే అనిపిస్తుంది. పెట్రోల్ సంగతి కూడా చూసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిందే. మూత లోపలి స్టిక్కరు మీద ఈ10 (10 శాతం ఇథనాల్ వరకే) అని ఉన్న పాత కార్లను ఆ పెట్రోల్‌తో ఎక్కువ రోజులు నిలబెట్టి ఉంచడం మంచిది కాదు. ఎక్కువ ఆక్టేన్ అడిగే ఇంజిన్లకు నగరంలో ఎక్స్‌పీ100 దొరుకుతుంది, కొన్ని బంకుల్లోనే. 9999 లాంటి ఫ్యాన్సీ నంబరుకు అమ్మేవాళ్లు లక్షలు కలిపి అడుగుతారు. ఆ ముచ్చట ఉంటే వేరే విషయం, కారు విలువలో మాత్రం దాన్ని కలపకూడదు.

డబ్బు మొత్తం చేతులు మారే ముందు కాగితాలు వరుసగా ఉండాలి: ఓనరు పేరు మార్పుకు ఫామ్ 29, 30, లోన్ ఉంటే అది తీరిందని బ్యాంకు సంతకంతో ఫామ్ 35, బయటి రాష్ట్రమైతే ఎన్‌ఓసీ కోసం ఫామ్ 28. పెండింగ్ ఛాలాన్లు అమ్మేవాళ్లే కట్టాలి. డీలరు నుంచి కొంటే వాళ్ల మార్జిన్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. బిల్లులో 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్) పడితే ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. కొన్న 14 రోజుల్లోగా బీమా పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి, పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ కొత్తవారికి రాదు. 30 రోజుల్లో ఆర్సీ బదిలీ దరఖాస్తు పడాలి. అమ్మేవాళ్లూ ఇది పట్టించుకోవాల్సిందే, ఎందుకంటే ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్న ఓనరే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండు ఒరిజినల్ తాళాలు, సర్వీసు పుస్తకం, చక్రాల లాక్ నట్ తీసే చిన్న సాకెట్ కూడా అడిగి తీసుకోండి. ఆ సాకెట్ లేకపోతే పంక్చరైన మొదటి రోజే కారు అక్కడే ఆగిపోతుంది.